షిఫ్ట్ అయిపోయాక ఆడే ఆట

ఈసారి మ్యాగజైన్ కోసం ఆటల మీద ఏదైనా రాయమని మన ఎడిటర్ అక్క అడిగింది. ఒకటే కండిషన్ పెట్టింది: "క్రికెట్ తప్ప." నేను చదివిందంతా ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. ఎక్కడైనా వాక్యం వంకరగా పోతే కారిడార్‌లో ఆపి చెప్పండి, ఏమీ అనుకోను.

నేను రాయబోయేది అమెరికాలో ఫుట్‌బాల్ చరిత్ర గురించి. "అమెరికా ఫుట్‌బాలా? మనకెందుకు భయ్?" అని మా రూమ్మేట్ అప్పుడే అడిగేశాడు. న్యాయమైన ప్రశ్నే. మన క్లాసులో సగం మందికి డాలస్‌లో ఇంటి అద్దెలు తెలుసు, వీసా స్లాట్లు తెలుసు, ఏ యూనివర్సిటీ ఎంత స్కాలర్‌షిప్ ఇస్తుందో తెలుసు. కానీ అక్కడ వందేళ్ల క్రితం మిల్లుల్లో, స్టీల్ ప్లాంట్లలో పనిచేసే జనం ఆదివారం ఏం చేసేవాళ్లో తెలీదు. నాకూ ఈ మధ్య దాకా తెలీదు. తెలిశాక మాత్రం పటాన్‌చెరు నాకు కొంచెం వేరేగా కనిపించడం మొదలైంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు వీడియో కాల్ చేసినప్పుడల్లా వాళ్ల బాబు "సాకర్ ప్రాక్టీస్‌కి పోయిండు" అంటాడు. మా అమ్మ ఒకరోజు నన్ను అడిగింది, "సాకర్ అంటే ఏందిరా?" అని. ఫుట్‌బాలే అమ్మా అన్నాను. "మరి ఫుట్‌బాల్ అనొచ్చు గదా, ఎందుకంత తిప్పలు?" అంది.

ఇది అమెరికా వాళ్లు కనిపెట్టిన మాట అని చాలామంది అనుకుంటారు. కాదు. ఇంగ్లాండ్‌లో ఈ ఆట పూర్తి పేరు అసోసియేషన్ ఫుట్‌బాల్. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడి కాలేజీ కుర్రాళ్లు ప్రతి మాటనీ కత్తిరించి, చివర్లో ఒక తోక తగిలించి పిలిచేవాళ్లు. 'అసోసియేషన్'లో మధ్య ముక్క తీసుకుని 'సాకర్' చేశారు. అంటే మనం 'అసైన్‌మెంట్'ని 'అసైన్' చేసినట్టే. అమెరికాలో అప్పటికే ఫుట్‌బాల్ అనే పేరు ఇంకో ఆటకి పోయింది కాబట్టి అక్కడ సాకర్ అనే మాటే నిలిచిపోయింది.

మా అన్న ఉండే న్యూజెర్సీలోనే కియర్నీ అని ఒక ఊరుంది. 1870ల్లో క్లార్క్ అనే స్కాట్లాండ్ దారం కంపెనీ ఆ ప్రాంతంలో మిల్లులు పెట్టింది. మిల్లుల వెనకే స్కాట్లాండ్ నుంచి పనివాళ్లు ఓడలెక్కి వచ్చారు. వాళ్లతో పాటు ఈ ఆట కూడా వచ్చింది. మిల్లు పేరు మీదే ఒక టీమ్ పెట్టుకున్నారు. దాని పేరు ఓ.ఎన్.టి. 'అవర్ న్యూ థ్రెడ్' అనే ఆ కంపెనీ దారం బ్రాండ్ పేరే టీమ్ పేరు. 1885లో మొదటి అమెరికన్ కప్ గెలిచింది ఈ దారం టీమే.

మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అని ఇంకో ఊరు. అది బట్టల మిల్లుల ఊరు. ఇంగ్లాండ్‌లోని లాంకషైర్ నుంచి నేత పనివాళ్లు వచ్చారు, పోర్చుగల్ నుంచి వచ్చారు, కెనడా ఫ్రెంచ్ వాళ్లు వచ్చారు. భాషలు వేరు, చర్చిలు వేరు, వంటలు వేరు. శనివారం మధ్యాహ్నం షిఫ్ట్ అయ్యాక గ్రౌండ్ మాత్రం ఒకటే. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ స్టీల్ అయితే ఏకంగా స్కాట్లాండ్ నుంచి ప్లేయర్లని పిలిపించి ప్లాంట్‌లో ఉద్యోగాలిచ్చింది. 1915, 1916, 1918, 1919, 1926... ఐదుసార్లు ఆ దేశపు నేషనల్ కప్ గెలిచింది ఆ స్టీల్ ప్లాంట్ టీమ్.

ఇది చదివినప్పుడు నాకు మన ఆదివారాలు గుర్తొచ్చాయి.

మా ఇల్లు ఇస్నాపూర్ దగ్గర. ఆ వైపు వచ్చినవాళ్లకి తెలుసు: ముంబై హైవే, దానిమీద ఆగకుండా ట్రక్కులు, లోపలికి పోతే పాశమైలారం ఇండస్ట్రియల్ ఏరియా, సాయంత్రం అయితే గాలిలో ఒక కెమికల్ వాసన. మా వెనక వీధి దాటితే ఖాళీ జాగా ఒకటుంది. ఆదివారం పొద్దున ఆరున్నరకి అక్కడ నాలుగు నీలం డ్రమ్ములు నిలబెడతారు. ఫార్మా కంపెనీల్లో వాడి పారేసే డ్రమ్ములే. అవే గోల్‌పోస్టులు. ఆడేవాళ్లు ఒడిశాలోని సుందర్‌గఢ్ నుంచి, జార్ఖండ్‌లోని సిమ్‌డేగా నుంచి, బెంగాల్‌లోని బాంకుడా నుంచి వచ్చినవాళ్లు. వెల్డర్లు, ప్యాకింగ్ వాళ్లు, రియాక్టర్ హెల్పర్లు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు. నైట్ షిఫ్ట్ దిగి రూముకి కూడా పోకుండా నేరుగా వచ్చేవాళ్లూ ఉంటారు. లోకల్ అనదగినవాళ్లం ముగ్గురమే. నేను లెఫ్ట్ బ్యాక్. గొప్పగా ఆడతానని కాదు, అక్కడ ఎడమ కాలు వాటం ఉన్నది నా ఒక్కడికే కాబట్టి.

వాళ్ల ఊళ్లలో ఫుట్‌బాల్ టోర్నమెంట్లకి ప్రైజు మేకపోతు అట. ఖస్సీ టోర్నమెంట్ అంటారు. గెలిచిన టీమ్ మేకని భుజాల మీద వేసుకుని ఊరేగి, సాయంత్రం దాన్నే వండుకుని తింటారు. "మీ దగ్గర గెలిస్తే ఏమిస్తారు?" అని సుందర్‌గఢ్ వెల్డర్ అన్న నన్ను హిందీలో అడిగాడు. సర్టిఫికెట్ ఇస్తారు అన్నాను. నవ్వి నవ్వి కూలబడ్డాడు.

మా నాన్న ఒక యూనిట్‌లో మెయింటెనెన్స్ ఫిట్టర్. మొదట్లో ఆయనకి నేను అక్కడికి పోవడం నచ్చలేదు. "వాళ్లు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. నీకేం దోస్తానా?" అన్నాడు. అప్పుడు మా నానమ్మ మధ్యలో అందుకుంది: "మీ నాయిన నారాయణఖేడ్ నుంచి ఒక ట్రంకు పెట్టె పట్టుకొని వచ్చినప్పుడు ఈడి జనం గూడ గట్లనే అన్నరు." మా తాత 1984లో వాచ్‌మన్‌గా వచ్చాడు పటాన్‌చెరుకి. ఖేడ్ నుంచి పటాన్‌చెరుకి రావడం అప్పట్లో ఇంకో దేశానికి వచ్చినట్టే ఉండేదట. నాన్న ఇంకేమీ అనలేదు. తర్వాతి ఆదివారం గ్రౌండ్ అంచున చాయ్ పట్టుకుని నిలబడి పది నిమిషాలు చూసి పోయాడు.

సరే, మళ్లీ చరిత్రకి. 1950 అనే ఒక సంవత్సరం దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఈ కథలో అమెరికా, హైదరాబాద్ రెండూ పక్కపక్కన నిలబడేది అక్కడే.

ఆ ఏడాది బ్రెజిల్‌లో వరల్డ్ కప్. జూన్ 29న బెలో హొరిజాంటె అనే ఊళ్లో అమెరికా, ఇంగ్లాండ్ ఆడాయి. ఇంగ్లాండ్ అంటే ఆట పుట్టిల్లు. అమెరికా టీమ్ ఎవరంటే: కెప్టెన్సీ అనుభవం ఉన్న వాల్టర్ బార్ స్కూల్ టీచర్. గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్ఘీ శవాల బండి నడిపేవాడు. ఫార్వర్డ్ జో గేటియెన్స్ హైతీ దేశం నుంచి న్యూయార్క్‌కి అకౌంటింగ్ చదువుకోవడానికి వచ్చి, ఖర్చుల కోసం హోటల్లో గిన్నెలు కడిగేవాడు. మన సీనియర్లు ఎంతమంది అక్కడ ఇప్పుడు చేస్తున్నది ఇదే కదా! అతనికి అప్పటికి అమెరికా పౌరసత్వం కూడా లేదు. ఫస్టాఫ్‌లో బార్ కొట్టిన బంతికి గేటియెన్స్ తల అడ్డం పెట్టాడు. ఒకటి-సున్నా. మ్యాచ్ అలాగే అయిపోయింది. వరల్డ్ కప్ చరిత్రలో అతి పెద్ద సంచలనాల్లో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అమెరికాలో అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. గేటియెన్స్ తర్వాత హైతీ తిరిగి వెళ్లాడు. 1964లో అక్కడి నియంత డువాలియే మనుషులు అతన్ని పట్టుకుపోయారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

అదే వరల్డ్ కప్‌కి ఇండియాకి కూడా చోటు దొరికింది. మనం వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వలేదు కాబట్టి వెళ్లలేదని వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. అసలు కారణం అంతకన్నా మామూలుది: అప్పటి మన ఫుట్‌బాల్ పెద్దలకి ఒలింపిక్సే ముఖ్యం, వరల్డ్ కప్ అంత పెద్ద విషయంగా అనిపించలేదు. పైగా అంత దూరం ప్రయాణం. గిన్నెలు కడిగే అబ్బాయి వెళ్లి ఇంగ్లాండ్‌ని ఓడించి వచ్చాడు. మనం ఇంట్లో ఉన్నాం.

కానీ ఇంట్లో ఊరికే లేం. అదే 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. తర్వాత 1951, 52, 53, 54 కూడా. వరసగా ఐదు. అదే 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. కలకత్తా వాళ్లు ఫుట్‌బాల్ అంటే మాదే అనుకునే రోజుల్లో ఇది జరిగింది. ఆ టీమ్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన కూడా స్కూల్ టీచరే, వాల్టర్ బార్ లాగా. ఉస్మానియాలో చదివాడు, కాచిగూడ, చాదర్‌ఘాట్ వైపు బడుల్లో పాఠాలు చెప్పాడు. అందరూ రహీమ్ సాబ్ అనేవాళ్లు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి అజయ్ దేవగన్ మొహంతో గుర్తుండి ఉంటాడు.

ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటితో చిత్తుగా ఓడింది. ఆ దెబ్బ తర్వాత నాలుగేళ్లకి, 1956 మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ టీమ్‌లో మన ఊరివాళ్లు చాలామంది: పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరామ్. బలరామ్ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు. 1962 జకార్తాలో, లక్ష మంది మనకి వ్యతిరేకంగా అరుస్తుండగా, ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఇండియా మళ్లీ బంగారం తెచ్చింది. అప్పటికే రహీమ్ సాబ్‌కి క్యాన్సర్. తర్వాతి ఏడాది జూన్‌లో పోయాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి మళ్లీ బంగారం రాలేదు.

నాకు ఆయన గురించి అన్నిటికన్నా నచ్చింది పతకాలు కాదు, ఆయన పెట్టిన విచిత్రమైన టోర్నమెంట్లు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి వచ్చిందా, వెంటనే పాస్ చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే కొట్టాలి. ఇంకోటి ఫలానా ఎత్తు లోపు ఉన్న పిల్లలకే. కోడింగ్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఫర్ లూప్ వాడకుండా ప్రోగ్రాం రాయమన్నట్టు. ఒక దారి మూసేస్తే బుర్ర ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఇది చదివి ఊరుకోలేక ఒక ఆదివారం మా గ్రౌండ్‌లో చెప్పాను: ఇవాళ వాటం లేని కాలితోనే ఆట. మొదటి పావుగంట సర్కస్. సుందర్‌గఢ్ అన్న మా అందరిలో బెస్ట్, ఆయన ఎడమ కాలితో తంతే బంతి పక్క ఫ్యాక్టరీ కాంపౌండ్‌లో పడింది. వాచ్‌మన్ తిట్టుకుంటూ తెచ్చి ఇచ్చాడు. ఎప్పుడూ బెంచి మీద... బెంచి లేదనుకోండి, బండరాయి మీద కూర్చునే ప్యాకింగ్ తమ్ముడు మాత్రం రెండు గోల్స్ కొట్టాడు. అందరూ ఒకేలా చేతకానివాళ్లు అయినప్పుడు పాసులు పెరిగాయి. ఎవరూ ఒక్కరే బంతి పట్టుకుని పరిగెత్తలేదు, చేతనైతే కదా! ఆట అయ్యాక ఆ తమ్ముడు బంతిని ఇంకాసేపు వదల్లేదు. డెబ్భై ఏళ్ల క్రితం చాదర్‌ఘాట్ మాస్టారు ఒకాయన వేసిన ప్లాన్ ఇస్నాపూర్‌లో నీలం డ్రమ్ముల మధ్య ఇంకా పనిచేస్తోంది. మంచి కోడ్ అంటే అదే కదా.

ఇప్పుడు కథలో బాధపడే భాగం. ఆట ఎందుకు పోయింది?

అమెరికాలో 1920ల్లో మంచి లీగ్ నడిచింది. 1930లో జరిగిన మొట్టమొదటి వరల్డ్ కప్‌లో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్లింది. వరల్డ్ కప్ చరిత్రలో మొదటి హ్యాట్రిక్ కొట్టింది ఫాల్ రివర్ కుర్రాడు బర్ట్ పాటెనోడ్. కానీ అప్పటికే లీగ్ వాళ్లకీ ఫెడరేషన్ వాళ్లకీ పెద్ద కొట్లాట. దాని మీద 1929 ఆర్థిక మాంద్యం పడింది. మిల్లులు మూతపడ్డాయి. బెత్లెహెమ్ స్టీల్ 1930లో టీమ్‌ని రద్దు చేసింది. కంపెనీకి టీమ్ అనేది లాభం ఉన్నప్పుడే పెట్టే ఖర్చు. 1950లో ఇంగ్లాండ్‌ని ఓడించాక అమెరికా మళ్లీ వరల్డ్ కప్ ఆడింది 1990లో. నలభై ఏళ్లు.

హైదరాబాద్‌లో కూడా మూలం అదే అని నాకు అనిపిస్తుంది. ఇక్కడ ఆట పోలీస్ ఉద్యోగం మీద నిలబడింది. బాగా ఆడితే కానిస్టేబుల్ ఉద్యోగం, నెల జీతం, ఇంట్లో అన్నం. 1956-57, 1957-58ల్లో వరసగా సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. కానీ రహీమ్ సాబ్ పోయారు. మంచి ప్లేయర్లకి కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బులిచ్చాయి. బలరామ్ వెళ్లాడు, నయీముద్దీన్ వెళ్లాడు, హబీబ్ వెళ్లాడు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన ఇండియా కెప్టెన్ నయీముద్దీన్ మనవాడే, కానీ అప్పటికే ఆయన పేరు చెప్తే జనానికి కలకత్తా గుర్తొచ్చేది. టీవీలోకి క్రికెట్ వచ్చింది. గ్రౌండ్లు అపార్ట్‌మెంట్లు అయ్యాయి. ఒక్కరోజులో ఏదీ పోలేదు. ఒక్కో ఉద్యోగం, ఒక్కో గ్రౌండ్ చొప్పున పోయింది.

ఈ రెండు కథలూ నిజంగానే ఒకసారి కలుసుకున్నాయి. 1970ల్లో అమెరికాలో డబ్బున్నవాళ్లు ఆటని మళ్లీ లేపాలని చూశారు. న్యూయార్క్ కాస్మోస్ టీమ్ 1975లో పీలేని తెచ్చుకుంది. 1977 ఆగస్టులో వాళ్ల ఒక మ్యాచ్‌కి 77 వేల మందికి పైగా వచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్ 24న కాస్మోస్ కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. వాన పడి గ్రౌండ్ అంతా బురద. మ్యాచ్ 2-2. మోహన్ బగాన్ గోల్స్ కొట్టిన ఇద్దరిలో ఒకరు మహమ్మద్ హబీబ్. మన హైదరాబాద్ హబీబ్, జనం బడే మియా అని పిలిచే మనిషి. పీలే ఉన్న అమెరికన్ టీమ్ మీద గోల్ కొట్టిన హైదరాబాదీ. ఒక వారం తర్వాత న్యూజెర్సీలో పీలే తన చివరి మ్యాచ్ ఆడేశాడు. ఏడేళ్లలో ఆ అమెరికన్ లీగ్ కూడా మూతపడింది. డబ్బు పెట్టి స్టార్లని తెచ్చారు గానీ కింద వేళ్లు దిగలేదు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే చనిపోయారు. ఆ రోజు నా ఫోన్‌లో ఎన్ని ఇండిపెండెన్స్ డే స్టేటస్‌లు చూశానో. ఆయన గురించి ఒక్కటీ లేదు.

మరి అమెరికాలో ఆట మళ్లీ ఎలా లేచింది? ఒకటి, 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం. ప్రభుత్వ నిధులు తీసుకునే చదువుల సంస్థల్లో ఆడపిల్లలపై వివక్ష చూపకూడదన్నారు. దాంతో కాలేజీలు అమ్మాయిల టీమ్‌లు పెట్టాల్సి వచ్చింది. 1991లో జరిగిన మొదటి మహిళల వరల్డ్ కప్ అమెరికాదే. 1999 ఫైనల్‌కి 90 వేల మందికి పైగా వచ్చారు. రెండు, 1994 వరల్డ్ కప్ అక్కడే జరగడం, దాని వెంట 1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలవడం. మూడోది పేపర్లలో పెద్దగా రాదు: పార్కుల్లో ఆదివారం ఆడే వలస జనం. మెక్సికో వాళ్లు, హోండురస్ వాళ్లు, ఇథియోపియా వాళ్లు. లీగ్ ఉన్నా పోయినా వాళ్లు ఆడుతూనే ఉన్నారు. 2026 జూలై 19న వరల్డ్ కప్ ఫైనల్ న్యూజెర్సీలో పెట్టారు. ఆ స్టేడియం ఆ దారం మిల్లు ఊరు కియర్నీకి దగ్గరే. నూట నలభై ఏళ్లు పట్టింది, స్కాట్లాండ్ కూలీల ఆట అక్కడికి చేరడానికి.

మనకి కూడా ఒక మంచిరోజు వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. గెలిచింది. కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. మూడేళ్లు గడిచాయి, 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారిపోయింది. టీమ్‌ని సామానులా ఇంకో ఊరికి మార్చడం అమెరికా నుంచి వచ్చిన పద్ధతే. కానీ ఒహాయోలోని కొలంబస్‌లో ఏం జరిగిందో చూడండి. 2017లో అక్కడి కొలంబస్ క్రూ టీమ్‌ని ఓనర్ టెక్సస్‌కి తీసుకుపోతానన్నాడు. జనం ఊరుకోలేదు. బోర్డులు పట్టుకున్నారు, సిటీ కౌన్సిల్‌కి పోయారు, ఏడాదికి పైగా పోరాడారు. చివరికి కొత్త ఓనర్లు వచ్చి టీమ్ అక్కడే ఉండిపోయింది. మన టీమ్ పోయిన రోజు మన కాలేజీ స్పోర్ట్స్ గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. నేను స్క్రోల్ చేసి చూశాను, ఆ రోజంతా మీమ్స్.

ఆశ లేదని కాదు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ ఉంది, ఐ-లీగ్‌లో రెండుసార్లు వరసగా రెండో స్థానంలో నిలిచింది. ప్లేయర్లు పుడుతూనే ఉంటారు. వాళ్లు నిలబడడానికి జాగా ఉంటుందా అనేదే ప్రశ్న.

జాగా అంటే గుర్తొచ్చింది. మా ఆదివారం గ్రౌండ్‌లో దసరా తర్వాత కడీలు పాతారు. వెంచర్ పడుతుందట. ఆ జాగా వాళ్లది, అమ్ముకుంటారు, అందులో నేను అనేదేమీ లేదు. కానీ మా కాలనీ మీటింగ్‌లో ఒక పెద్దాయన, "మంచిగైంది, ఆ బయటోళ్ల గోల పోతది" అన్నాడు. మిగతావాళ్లు తల ఊపారు. అప్పుడు మా నాన్న లేచి, "గా బయటోళ్లు నైట్ షిఫ్ట్ చెయ్యకుంటే నీ కిరాయి ఇండ్లకు తాళాలు వడ్తయ్ అన్నా" అన్నాడు. నాన్న మీటింగ్‌లో మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు మీ అందరికీ తెలుసు. నలభై మందికి పైగా చనిపోయారు. మా ఇంటి కిటికీలు అదిరాయి. తర్వాత పేపర్లలో పేర్లు వచ్చాయి, పేర్ల పక్కన ఊళ్లు: బీహార్, యూపీ, ఒడిశా, జార్ఖండ్. మా ఆదివారం టీమ్‌లో ఎవరికీ ఏమీ కాలేదు. అది తెలిసేదాకా ఆ సాయంత్రం నా దగ్గర ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను. చేస్తున్నప్పుడు ఒక విషయం తెలిసింది: సగం మంది ఇంటిపేర్లు నాకు తెలీవు. ఫోన్‌లో 'వెల్డర్ అన్న', 'గోల్ కీపర్', 'ప్యాకింగ్ తమ్ముడు' అనే సేవ్ అయి ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారం ఎవరూ డ్రమ్ములు నిలబెట్టలేదు. ఆ పై ఆదివారం ఒక నిమిషం నిలబడి, తర్వాత ఆడాం. ఇప్పుడు నా ఫోన్‌లో అందరి పూర్తి పేర్లూ, ఊర్లూ ఉన్నాయి.

ఫాల్ రివర్ మిల్లు పనివాళ్లనీ అప్పట్లో బయటివాళ్లే అన్నారు. ఇప్పుడు ఆ ఊరి గురించి ఫుట్‌బాల్ పుస్తకం రాస్తే మొదటి అధ్యాయం వాళ్లదే. మన సంగారెడ్డి జిల్లా ఫుట్‌బాల్ చరిత్ర ఎవరైనా ఎప్పుడైనా రాస్తే అందులో సుందర్‌గఢ్ వెల్డర్ ఒకడు ఉండాలని నా కోరిక. ఉండాలంటే ముందు వాళ్లు ఆడటానికి చోటు కావాలి.

అందుకని మేం నలుగురం కలిసి ఒక లెటర్ రాశాం. మన కాలేజీ గ్రౌండ్ ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటుంది. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మా ఇస్నాపూర్ టీమ్‌నీ ఆడనివ్వమని, నెలకోసారి కాలేజీ టీమ్‌తో ఒక మ్యాచ్ పెట్టమని ఫిజికల్ డైరెక్టర్ సార్‌కి ఇచ్చాం. సెక్యూరిటీ గురించి, ఐ.డి. కార్డుల గురించి సార్ అడిగారు. అందరి ఆధార్ జిరాక్సులు జతచేశాం. ప్రిన్సిపల్ సార్ దగ్గరికి పంపాను అన్నారు. ఇంకా జవాబు రాలేదు.

ఇది చదివి మీలో ఎవరికైనా సంతకం పెట్టాలనిపిస్తే లెటర్ కాపీ బి-బ్లాక్ లైబ్రరీ కౌంటర్ దగ్గర ఉంది. సంతకాలు నూటయాభై దాటితే మళ్లీ అడుగుదాం అని సారే చెప్పారు. నిన్న సాయంత్రానికి అరవై రెండు అయ్యాయి. ఆడటం వచ్చా రాదా అన్నది ఎవరూ అడగరు. రానివాళ్లకి వాటం లేని కాలి మ్యాచ్ ఉంది, అందులో అందరం ఒకటే.